గంట మోగని మంద

బాలకృష్ణగారు ఆ రెండు మార్కులు కోయకుండా ఉంటే మహబూబ్ బాషా హత్య కేసు ఇంకో ముప్పై ఏళ్ళు మూలపడి ఉండేది. పదికి పది వేసి, పలక బోర్లించి, మాతోపాటు టీ తాగి ఇంటికి పోయుంటే ఆయన్ని అనుమానించే మనిషి ఈ భూమ్మీద ఉండేవాడు కాదు. కానీ ఆయన తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎదుటివాడి తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు.

తేలకుండా పోయిన పాత హత్యల మీద తీసిన టీవీ నాటకాలకు బహుమతులిస్తామని నల్లమల కళావేదిక వాళ్ళు మమ్మల్ని ముగ్గుర్ని పిలిచారు. మార్కాపురంలో ఒక కల్యాణ మండపం మేడ మీది గది ఇచ్చి, పెద్ద టీవీ పెట్టారు. మా అధ్యక్షుడు బాలకృష్ణ, రిటైర్డ్ డీఎస్పీ. రెండో మనిషి చాంద్‌బీ, ఈ ఊరి పిల్లలకు తెలుగు చెప్పి చెప్పి గొంతు గరుకెక్కిన టీచరమ్మ. మూడోదాన్ని నేను, నాగమల్లేశ్వరి. సీఐగా రిటైరయ్యాను. పలకల ఊరు కదా అని మార్కులు కూడా పలక మీద బలపంతో వేయమన్నారు. వేసి, పైకెత్తి చూపించి, తుడిచేయడం.

రెండు రోజుల్లో ఆరు నాటకాలు చూశాం. ఒకదాంట్లో బావిలోంచి తీసిన శవానికి జుట్టు తడవలేదు. ఇంకోదాంట్లో తెల్లదొరల కాలపు జవాను బూట్లకు జిప్పు ఉంది. అన్నిట్లోనూ చివరికి హంతకుడు దొరికాడు. అసలు కేసుల్లో ఒక్కడూ దొరకలేదు. పోలీసులూ కోర్టులూ యాభై ఏళ్ళు తేల్చలేనిది టీవీవాడు గంటలో తేల్చేస్తాడు, మధ్యలో సబ్బుల ప్రకటనలతో సహా. నవ్వి ఊరుకోవచ్చు. ఏడో నాటకం దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు.

దాని పేరు 'ఆ రాత్రి మంద'. 1991 ఎండాకాలం, పుల్లలచెరువు దగ్గర జరిగిన హత్య. కాటమరాజు అనే గొర్రెల కాపరి ఒక రైతు చేలో మంద కట్టాడు. అంటే ఎరువు కోసం రాత్రికి గొర్రెల్ని ఆ పొలంలోనే నిలిపాడు. తెల్లారేసరికి మార్కాపురం బేరగాడు మహబూబ్ బాషా ఆ మంద మధ్య తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. కాటమరాజు నీళ్ళకోసం ఊరి బోరు దగ్గరికి పోయానన్నాడు. కరెంటు రాత్రిపూటే వచ్చే రోజులవి. ఎవరూ నమ్మలేదు. ఎందుకు నమ్మలేదంటే, పక్క చేలో పడుకున్న కాపరులు ఒక మాట చెప్పారు: ఆ రాత్రి గంట మోగలేదు.

గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి దాని అర్థం నాకు తెలుసు. మందకు ముందు నడిచే మేకపోతు మెడలో గంట ఉంటుంది. పరాయివాడు మందలో అడుగుపెడితే గొర్రెలు లేస్తాయి, మేకపోతు తల విదిలిస్తుంది, గంట మోగుతుంది. సొంత మనిషి వస్తే ఏ గొర్రే తల ఎత్తదు. గంట మోగలేదంటే వచ్చినవాడు సొంత మనిషే. ఆ ఒక్క తర్కంతో కాటమరాజును నాలుగు నెలలు లోపలేసి కుళ్ళబొడిచారు. సాక్ష్యం లేక వదిలేశారు. ఊరు మాత్రం వదల్లేదు. మరుసటేడు ఆయన పలకరాయి గని గుంటలో నీళ్ళలో తేలాడు. కేసు తేలలేదు.

నాటకంలో హంతకుడు కాటమరాజే. పేరు 'కాటయ్య' అని మార్చారు, అంతే. కాటయ్య కత్తితో మేకపోతు మెడలోని గంట తాడు కోసి, గంటను దూరంగా విసిరేసి, నిద్రపోతున్న బాషా తల మీద బండతో కొడతాడు. ఈ సాయంత్రం బహుమతి, ఆదివారం ప్రసారం.

నాటకం అయిపోయాక మేం పలకలు తీసుకున్నాం. వాస్తవికతకు పది మార్కులు. బాలకృష్ణగారు ఎనిమిది వేసి పలక ఎత్తారు.

"అంతా బాగుంది. ఆ గంట దగ్గరే తప్పు చేసినాడు కుర్రోడు" అన్నారు. "తాడు కొయ్యలేదు. గంట నోట్లో గుడ్డ కుక్కినాడు. దానికి రెండు కోత."

నా చేతిలో బలపం ఆగిపోయింది.

ఎందుకంటే ఆ గుడ్డను నేను అంతకు ముందురోజే చూశాను.

కాటమరాజు భార్య సుబ్బులు బతికే ఉంది. నాటకం ప్రకటన టీవీలో చూసి, తీర్పు చెప్పేవాళ్ళలో గొర్రెలు కాసే ఇంటి పోలీసమ్మ ఉందని విని, పక్కింటి ఏబేలు ఫోన్లోంచి నాకు కబురు చేసింది. నిన్న మధ్యాహ్నం పుల్లలచెరువు పోయాను. ఆమె వాసాల సందులోంచి ఒక పాత ఇత్తడి గంట తీసి నా ఒళ్ళో పెట్టింది. ఊపితే మోగలేదు. లోపల ఒక గుడ్డముక్క, గంట నాలుకకు చుట్టి గట్టిగా కుక్కి ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె దాన్ని బయటికి లాగలేదు.

"నాయన్ని లోపలేసిన మూడో దినం మేకపోతు చచ్చిపోయిందమ్మా. అప్పుడు గంట ఇప్పితే కనపడింది" అంది. పెనిమిటిని ఆమె ఇంటి పిల్లలతోపాటు నాయన అనే పిలిచేది. "ఎవురికి చెప్పాల? కొట్టేటోళ్ళకే చెప్పాల్నా? వాళ్ళకిస్తే కాలవలో పారేస్తారు. ఇడిసిపెట్టినాక నాయనకు చూపించినా. దాయి సుబ్బులూ, మంద తెలిసిన పోలీసు ఎవురన్నా వస్తే అప్పుడియ్యి అన్నాడు. నువ్వొచ్చినావు."

పంచనామాతో తీసుకుంటేనే చెల్లుతుందని గంటను ఆమె దగ్గరే ఉంచి వచ్చాను. ఆ గుడ్డను చూసినవాళ్ళు ముగ్గురు. కాటమరాజు చనిపోయాడు. సుబ్బులు ఇల్లు కదల్లేదు. మూడోదాన్ని నేను. నాలుగో మనిషి ఎవరన్నా ఉంటే వాడు దాన్ని గంటలో కుక్కినవాడు. రెండు మార్కులు కోసి, బలపం పొడి దులుపుకుంటూ నా ఎదురుగా కూర్చున్నాడు.

"మల్లేశ్వరమ్మా, నీ పలక ఖాళీగా ఉందేంది?" అన్నారు బాలకృష్ణగారు.

"ఇంకోసారి చూసి వేస్తాను సార్. ఎవరిదో ప్రాణం పోయిన సంగతి కదా, తొందరెందుకు?"

"నీ ఇష్టం" అని ఆయన సిగరెట్ కోసం కిందికి దిగారు.

* * *

నాటకం రాసి తీసిన కుర్రాడు సుమన్ పక్క గదిలో కూర్చుని ఉన్నాడు. గిద్దలూరువాడు. బహుమతి వస్తుందని కొత్త చొక్కా వేసుకొచ్చాడు. నేను తలుపు మూసి ఎదురుగా కుర్చీ లాక్కున్నాను.

"కాటమరాజే చంపాడని నీకెవరు చెప్పారు?"

"చెప్పడం అంటే... కథ మేడం. ఎవురో ఒకరు చంపాల గదా. ఎవురు చంపినారో తెలీదు అని ముగిస్తే ఛానెల్ వాళ్ళు తీసుకోరు."

"ఆయన భార్య బతికుందని తెలుసా?"

వాడు నేల చూశాడు. "తెలీదు మేడం. అడగలేదు."

అడగలేదు. ఒక మనిషిని టీవీలో రెండోసారి చంపడానికి ముందు ఆ ఇంటి తలుపు తట్టి ఒక్క మాట అడగాలని వీడికి తట్టలేదు. చెంప వాయించాలన్నంత కోపం వచ్చింది. పని ముందుండబట్టి దిగమింగాను.

"గంట తాడు కోయడం ఎవరి ఆలోచన?"

"నాదే. గంట మోగలేదని అందరూ అన్నారు. ఎట్ల మోగలేదో ఎవురూ చెప్పలేదు. అందుకని తాడు కోసినట్టు రాసుకున్నా."

"గుడ్డ సంగతి ఎవరన్నా చెప్పారా?"

"ఏ గుడ్డ మేడం?"

వాడి మొహంలో వెతికాను. అబద్ధం లేదు. నటన అంతకన్నా లేదు, వాడి నాటకంలో ఉన్నంత కూడా.

"బాలకృష్ణగారిని కలిశావా, ఈ కథ కోసం?"

"రెండుసార్లు పోయినా మేడం. ఆ రోజుల్లో ఈ పక్క ఎస్సైగా చేసినాడని తెలిసి. 'అప్పుడు నేను కర్నూల్లో ట్రైనింగులో ఉన్నా, ఆ కేసు మొహం గూడా చూడలేదు, నన్నడగొద్దు' అన్నాడు. మంచినీళ్ళు గూడా ఇయ్యలేదు."

"బాషా ఆ రోజు మంద దగ్గరికి ఎందుకు పోయాడు?"

"గొర్లు కొనడానికి. బేరగాడు గదా."

"నువ్వు వాడిన గొర్రెలు ఎక్కడివి?"

ఇక్కడ వాడు కొంచెం తలెత్తాడు. "మన పక్కంతా ఇప్పుడు బొచ్చులేని నెల్లూరు గొర్లే మేడం. కాటమరాజువి నల్లగొర్లంట, కంబళ్ళు నేసే బొచ్చు గొర్లు. వాటికోసం కల్యాణదుర్గం దాకా పోయినాం. కాపరిని గూడా వెంట తెచ్చినాం. వాస్తవికత మేడం."

పాపం, గొర్రెల రంగు దగ్గర చూపించిన శ్రద్ధ మనిషి దగ్గర చూపించలేదు.

* * *

హత్య జరిగిన చోటు ఇప్పుడు కంది చేను. అక్కడ చూడటానికి ఏమీ లేదు. నేను చూడాల్సిన చోటు టీవీలో ఉంది. చాంద్‌బీ టీచర్ని రిమోట్ పట్టుకోమని హత్య సన్నివేశం మళ్ళీ వేయించాను.

"ఏం ఎతుకుతాండావు మల్లేశ్వరీ?" అంది.

"గుడ్డ."

"గుడ్డా?"

"మీరు కూడా చూడండి టీచర్. ఈ సన్నివేశంలో ఎక్కడన్నా, ఎవరి ఒంటిమీదన్నా, ఆ గంటలోకి పోదగ్గ గుడ్డముక్క ఉందేమో."

ఆపి ఆపి చూశాం. కాటయ్య భుజం మీద తువ్వాలు లేదు, కంబళే ఉంది. కత్తి మెరుస్తుంది, తాడు తెగుతుంది, గంట చీకట్లోకి పోతుంది. బాషా వేషం వేసినవాడు టోపీతోనే పడుకున్నాడు. గొర్రెలు కిటకిటలాడుతూ ఉన్నాయి, నల్లగా, బొద్దుగా, జానెడు బొచ్చుతో.

"ఆపండి టీచర్. అట్లాగే ఉంచండి."

బొచ్చు గొర్రెలు తెర నిండా నిలబడిపోయాయి. నిన్న సుబ్బులు చెప్పిన ఇంకో మాట అప్పుడు నాకు పనికొచ్చింది. బాషా ఆ రోజు వచ్చింది గొర్రెల కోసం కాదు. ఆ సాయంత్రమే కాటమరాజు మందంతా కత్తిరించాడు. బొచ్చు మూటలు కట్టి పెట్టాడు. తెల్లారి బండికెత్తుకుని పోదామని బాషా అక్కడే నిద్రపోయాడు. నాటకం రాసినవాడికి ఈ సంగతి తెలియదు. మూటల్ని మొదట చేరిన కాపరులు చెట్టు కిందికి జరిపేశారు, పోలీసులు వాటి గురించి అడగనే లేదు.

"నజ్మాని నువ్వు చూసినావా ఎప్పుడన్నా?" అని చాంద్‌బీ ఉన్నట్టుండి అడిగింది. నజ్మా బాషా కూతురు. "నా దగ్గరే చదివింది. మా గల్లీలోనే ఉంటది. వాళ్ళ అబ్బా పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. ప్రతి రంజాన్‌కీ సుబ్బులమ్మకు సేమ్యాలు పంపిస్తది తెలుసా? 'మా అబ్బాకు కాటన్న అంటే ప్రాణం టీచర్, ఆయన చంపడు' అంటది. చచ్చినోడి బిడ్డే చంపలేదంటే, ఈ టీవీవోడెవడమ్మా చంపినాడనేదానికి?"

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది.

"టీచర్, ఇప్పుడు ఆయన వస్తాడు. నేను మాట్లాడతాను. మీరు వినండి చాలు. ఒక్క మాట కూడా పోనివ్వకుండా వినండి."

"ఇరవై మంది పిల్లోళ్ళు ఒక్కసారి గొణిగితే ఎవుడేమన్నాడో చెప్పేదాన్ని" అంది చాంద్‌బీ, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

* * *

బాలకృష్ణగారు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. ఎనిమిది అంకె ఉన్న పలక ఆయన ముందు బల్ల మీద అట్లాగే ఉంది.

"ఏమ్మా, తేలిందా?"

"ఒక సందేహం సార్. మీరు గంటలో గుడ్డ అన్నారు."

"అన్నా."

"ఎవరు చెప్పారు సార్ మీకు?"

"చెప్పేదేంది?" ఆయన నవ్వారు. "మాది వెలిగండ్ల పక్క. మా నాయనకు నూటయాభై నల్లగొర్లు. నేను పోలీసు కాకముందు కాపరిని. మేకపోతు పానంతో ఉండంగ గొర్రెలోళ్ళ బిడ్డ ఎవుడూ గంట ఇప్పడు, తాడు కొయ్యడు. మందకు అరిష్టం. ఎంత పాపిష్టోడైనా ఆ పని చెయ్యడు. మోగకుండా ఉండాలంటే గంట నోరు మూస్తాడు. ఇంగితం ఉండేవాడెవుడైనా చెప్తాడు. పట్నపోళ్ళకు తెలీదు గానీ, నీకు తెల్వదా?"

"తెలుసు సార్. మా నాయనా అదే చెప్పేవాడు." ఇంతవరకూ ఆయన మాట సబబే. నిజానికి చాలా సబబు. నిన్న రాత్రంతా నేను వేసుకున్న లెక్కలో సగం అది. తాడు కోయకుండా గుడ్డ కుక్కాడంటే చంపినవాడు మేకపోతును చప్పుడు కాకుండా పట్టుకోవడం తెలిసినవాడు, గొర్రెలు కాసిన ఇంటివాడు. అసలు గంట నోరు మూయాల్సి వచ్చిందంటే ఆ మందకు పరాయివాడు. కాటమరాజుకు ఆ అవసరమే లేదు, ఆయన్ని చూసి ఒక్క గొర్రె కూడా లేవదు. అంటే కాటమరాజు మాత్రం కాని ఇంకో కాపరి బిడ్డ. అటువంటివాళ్ళు ఈ పక్క వేలమంది ఉన్నారు. నాకు మిగతా సగం కావాలి.

"కానీ సార్, నాకు గుడ్డ దగ్గరే నమ్మకం కుదరడం లేదు. మా నాయనైతే గుడ్డ జోలికి పోడు. చుట్టూ గొర్రెలే కదా. పక్కనున్నదాని వీపు మీద ఇంత బొచ్చు పీకి కుక్కితే సరిపోయె. ఒంటి మీది గుడ్డ చించుకునే తెలివితక్కువవాడు కాపరి ఎట్లా అవుతాడు? అందుకే మీ రెండు మార్కుల కోత తప్పంటున్నాను. కుర్రాడికి పది వేయండి."

తెలివితక్కువవాడు అన్న మాట దగ్గర ఆయన దవడ బిగిసింది. తర్వాత, పాఠం రాని పిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"బొచ్చు యాడుంది మల్లేశ్వరమ్మా పీకేదానికి? గొర్లన్నీ నున్నగ కత్తిరించి..."

ఆగిపోయారు.

చాంద్‌బీ నెమ్మదిగా టీవీ వైపు వేలు చూపించింది.

"ఆడ చూడు సార్. జానెడు బొచ్చుంది గదా" అంది. "కత్తిరించిన గొర్రె ఒక్కటీ లేదు ఈ నాటకంలో. మీరు యాడ చూసినారు?"

బాలకృష్ణగారు తెరను చూశారు. ఆయన అరచెయ్యి తనకు తెలియకుండానే పలక మీదికి పోయింది. ఎనిమిది చెరిగిపోయింది.

"తుడిస్తే అంకె పోతది గానీ ఇన్నది పోదు సార్" అంది చాంద్‌బీ.

నేను ఊపిరి తీసుకోనివ్వదలచుకోలేదు. "అప్పుడు మీరు కర్నూల్లో ట్రైనింగు. ఆ కేసు మొహం కూడా చూడలేదు. అవునా?"

"అవును."

"ట్రైనింగులో సెలవు దొరకలేదా సార్, ఒక రాత్రికి?"

"నోరు అదుపులో పెట్టుకో."

"నల్లమల నుంచి టేకు దుంగల లారీ దిగుతుంటే ముందు ఒక జీపు దారి చూపిస్తూ నడిచింది. గొర్రెల లోడుతో ఎదురొచ్చిన బాషా ఆ జీపులో కూర్చున్న మనిషిని చూశాడు. మార్కాపురం పోయి సబ్ కలెక్టరుకు చెప్తానని కాటమరాజుతో అన్నాడు. అన్న రాత్రే చచ్చిపోయాడు. ఆ జీపులో కూర్చున్నది ఎవరు సార్?" అని నిన్న సుబ్బులు చెప్పిన సంగతి ఆయన ముందు పెట్టాను.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చాలామంది మొహాల్లో భయం చూశాను. ఈయన మొహంలో కూడా ఒక క్షణం కనిపించింది. అది ఉండిపోతుందని అనుకున్నాను. నా పొరపాటు అదే. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, జేబులోంచి రుమాలు తీసి అరచేతికి అంటిన బలపం పొడి శుభ్రంగా తుడుచుకున్నారు. మళ్ళీ మాట్లాడేసరికి గొంతు చల్లగా ఉంది.

"నువ్వు మంచి పోలీసువే మల్లేశ్వరీ. రెండు మాటలతో నన్ను పట్టుకున్నాననుకుంటున్నావు. ఈ రెండు మాటలూ ఏ కోర్టులోనూ నిలబడవు. కత్తిరించిన సంగతి సంతలో విన్నా అంటా. ఐపోతది. నీకు సాక్ష్యం కావాల. అవునా?"

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నేను గుడ్డ అన్నా. నువ్వు ఎవురు చెప్పినారు అని అడిగినావు గానీ, గుడ్డేనా అని అడగలేదు. బొచ్చు అని ఎదురు పెట్టినావు, నా నోట్లోంచి లాగేదానికి. అంటే అది గుడ్డేనని నీకు ముందే తెల్సు." ఆయన ముందుకు వంగారు. "తెలిసేదానికి ఒక్కటే దారి. నువ్వు చూసినావు. నిన్న మధ్యానం నువ్వు పుల్లలచెరువు పోయినావని నాకు రాత్రే తెలిసింది. ఎందుకు పోయినావో అర్థం గాలేదు. ఏమన్నా అవుతదేమోనని మా మనిషిని పొద్దున్నే ఆ ఊరికి పంపిచ్చినా, ఊరికే చూస్తా ఉండమని. ఎందుకు పోయినావో ఇప్పుడు నువ్వే చెప్పినావు. గంట ఆ ముసల్దాని దగ్గర ఉండాది."

మంద కాయడం తెలిసినవాడు ఉచ్చు వేయడం కూడా తెలిసినవాడే. నేను ఆయనకు గొయ్యి తవ్వుతూ అందులోకి సుబ్బులును దించాను.

"ముప్పై నాలుగేళ్ళ గుడ్డపీలిక ఏం మాట్లాడతది?" అన్నారు లేస్తూ.

"ఈ కాలంలో గుడ్డలు బాగా మాట్లాడతాయి సార్. ఒక చెమట మరక చాలు."

"అందుకే" అన్నారు ఆయన. ఫోను తీసి, మేడ వరండాలోకి నడిచి, నాకు వీపు పెట్టి నిలబడ్డారు. ఎవరితోనో మూడు మాటలు మాట్లాడారు. తిరిగొచ్చి, బహుమతుల సభకు సాయంత్రం వస్తానని, ఆలస్యం చేయవద్దని కళావేదిక వాళ్ళకు చెప్పమని చాంద్‌బీతో చెప్పి, మెట్లు దిగిపోయారు. నడకలో తొందర కూడా లేదు.

* * *

సుబ్బులుకు ఫోన్ లేదు. ఏబేలు నంబరు కొట్టాను. ఎత్తలేదు. మళ్ళీ కొట్టాను. అడవి పక్క ఊరు, ఒక గట్టు ఎక్కితే సిగ్నల్ ఉంటుంది, దిగితే ఉండదు. ఈలోగా చాంద్‌బీ ఫోన్‌లోంచి సర్కిల్ ఆఫీసుకు చేసి పుల్లలచెరువు రోడ్డు మీద పోలీసుల్ని పంపమని అడిగాను. చాంద్‌బీ బల్ల మీద కూర్చుని పెదవులు కదుపుతూ దువా చేస్తోంది. ఆరోసారి ఏబేలు పలికాడు. ముప్పై ఏళ్ళవాడు, సుబ్బులు గొర్రెలతో కలిపి తన గొర్రెల్ని మేపుతాడు. ఫోన్లో గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"ఏబేలూ, సుబ్బులక్క ఎక్కడుంది?"

"అవ్వా? మీరు పంపిచ్చిన జీపులో పోయింది గదక్కా, ఇప్పుడే. మార్కాపురం సభకు మీరు రమ్మన్నారంట."

నేను జీపు పంపలేదు. నేనే వచ్చి తీసుకుపోతానని, నేను తప్ప ఎవరొచ్చినా కదలొద్దని నిన్న ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆమె రెండుసార్లు తల ఊపింది. మరిచిపోయే మనిషి కాదు.

"ఎవరితో పోయింది? బలవంతంగా ఎక్కించారా?"

"లేదక్కా. ఆమే ఎక్కింది. 'గంట తెచ్చుకో అవ్వా, మేడం చెప్పింది' అన్నారు. పైటలోంచి తీసి చూపిచ్చింది. కూకునింది. పోయినారు."

కాటమరాజు పేరు, ఆ పేరుకున్న ఒకే ఒక్క సాక్ష్యం, ఇప్పుడు బాలకృష్ణ మనిషి జీపులో ఉన్నాయి.

"అక్కా, ఒకటడగాల్నా?" అన్నాడు ఏబేలు. "అవ్వకు మతి గాన తప్పిందా?"

"ఎందుకట్లా అంటున్నావు?"

"పొద్దున్నే ఆ జీపు ఊళ్ళో తిరుగుతాంటే వాకిట్లో నిలబడి చూసింది. ఆ జీపు వంకే చూస్తా, మేకపోతును పట్టుకోని దాని మెడలో గంట ఇప్పేసింది. పానంతో ఉండే మేకపోతు గంట! అవ్వ అట్లాంటి పని చేస్తదని కలలో గూడా అనుకోలేదు. మందకు అరిష్టం అవ్వా అని నేను అడ్డం పడితే, 'నా అరిష్టం ముప్పై ఏళ్ళ కిందే ఐపోయింది, జరుగు' అన్నది. ఏడస్తానే ఇప్పింది. ఇప్పి, ఇంట్లోంచి ఇంకో పాత గంట తెచ్చి కట్టింది."

ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. గిట్టల చప్పుడు. గొర్రెల అరుపులు. ఒక గొర్రెపిల్ల సన్నగా ఏడుస్తోంది. ఇంకేమీ లేదు.

"ఏబేలూ, మేకపోతు నీ దగ్గరే ఉందా?"

"ఇదో, నా ముందే నడస్తాంది."

"మరి గంట వినిపించదేం?"

"అదే అక్కా నేను చెప్పేది. పొద్దున్నించీ నడస్తాంది, ఒక్కసారి గూడా మోగలేదు. మోగని గంట ఎందుకు కట్టినట్టు?"

చాంద్‌బీ నా భుజం పట్టుకుంది. ఆమెకు ఏబేలు మాటలు వినపడలేదు, నా మొహం మాత్రం చూసింది.

సుబ్బులుకు ఆ జీపు నాది కాదని తెలుసు. ఎక్కకపోతే వాళ్ళు ఇల్లు వెతుకుతారని, మందను వెతుకుతారని తెలుసు. అందుకే గుడ్డ ఉన్న గంటను మేకపోతు మెడకు కట్టి, మోగే గంట పైటలో పెట్టుకుని తానే ఎక్కి కూర్చుంది.

"ఏబేలూ, నా మాట విను. ఆ మేకపోతును నీ చేతి తాడుకు కట్టుకో. మందతో అడవి పక్కకు పో. నేనొచ్చేదాకా ఎవరడిగినా ఇవ్వొద్దు, ఎవరు పిలిచినా ఆగొద్దు. జీపు ఎటు పోయింది?"

"రోడ్డెక్కినంక మార్కాపురం పక్క తిరగలేదక్కా. నల్లమల పక్క తిరిగింది. నేను కేకేసినా. ఇనపళ్ళేదు. గుంతల్లో ఎగిరినప్పుడల్లా జీపులో గంట మాత్రం మోగతానే ఉండాది."

అది మోగిన ప్రతిసారీ లోపల గుడ్డ లేదని చెబుతోంది. ఆ సంగతి వాళ్ళ చెవికి ఎక్కేలోపల నేను ఆ జీపును చేరుకోవాలి. నేను తాళాలు తీసుకుని మెట్ల మీద పరిగెత్తాను.